దేవుని చిన్న ప్రాణులను చిత్రించిన మరియ సిబిల్ల మేరియన్

(శతవార్షికోత్సవ సందర్భమున స్త్రీల మైత్రి కూటములో చదివిన ప్రసంగ పాఠము)



మాకు అప్పగింపబడిన అంశము "సృష్టియు విశ్వాసమును". ఈ మాట వినగానే ఎవరైనను 104వ కీర్తన తీయుదురు. మేమును తీసితిమి. కాని మేము చెప్పదలచిన సంగతి మాకు కీర్తనలో తగులలేదు. మునగచెట్టు దగ్గర తగిలినది. కాబట్టి అక్కడనే మొదలుపెట్టుదుము. క్షమించవలెను.

మా దేవాలయము వెనుక బావి ప్రక్కన రెండు మునగచెట్లు ఉన్నవి. వానల తరువాత వాటికి గొంగళి పురుగు పట్టును. ఇది మీరందరు ఎరిగినదే. రాత్రులు ఆకు తినును. పగలు దిగివచ్చి మ్రానుమీద ఒకదానినొకటి హత్తుకొని, కంబళి ముక్క అంటించినట్లు పడియుండును. చేయి తగిలెనా, సాయంత్రమువరకు దురద. కర్రకు పాతగుడ్డ చుట్టి, కిరసనాయిలులో ముంచి, వెలిగించి మ్రాను వెంబడి రాచుట మన ఊళ్లలో తాతలనాటి మందు. మేమును ఏటేట అట్లే చేయుచుంటిమి.

ఒక సంవత్సరము సమాధుల పండుగకు ముందటి ఆదివారమున సండే స్కూలులో పునరుత్థాన పాఠము చెప్పితిమి. ఫ్లానెల్ బోర్డుమీద మూడు బొమ్మలు అంటించితిమి: గొంగళి, గూడు, సీతాకోకచిలుక. పిల్లలు బహుగా సంతోషించిరి. ఆరాధన ముగిసిన తరువాత ఆ పిల్లల యెదుటనే మునగచెట్టు క్రింద దివిటీ వెలిగించితిమి. రెండవ తరగతి చదువు పిల్ల ఒకతె వచ్చి మా కొంగు పట్టుకొని, "అమ్మగారూ, పొద్దున మీరు బోర్డుకు అంటించింది ఇదేనా?" అని అడిగినది.

కాదు అంటిమి. బోర్డుమీదిది పచ్చగా నున్నగా ఉన్నది గదా, ఇది బొచ్చుపురుగు, ఇది వేరు అంటిమి. పిల్ల నమ్మినట్లే తల ఊపినది. నిజము చెప్పవలెనంటే మాకు తెలియదు. ఆ బొచ్చుపురుగు పిమ్మట ఏమగునో మాలో ఒక్కరును ఎన్నడును చూచినవారము కాము. చూడకయే పాతిక సంవత్సరములు దానిని పునరుత్థానమునకు సాదృశ్యముగా చెప్పుచుంటిమి.

ఆ మాట మమ్మును విడువలేదు. ఒకనాటి కూటములో దీనిని ప్రస్తావింపగా, మాలో ఒకరి కుమార్తె, కళాశాలలో జంతుశాస్త్రము చదువుచున్నది, నవ్వి, "మీకంటె మూడున్నర వందల ఏండ్లకు ముందు ఒక అమ్మగారికి ఇదే సందేహము వచ్చింది, పిన్నీ" అని మేరియన్ సంగతి చెప్పినది. ఆ తరువాత దొరికినదెల్ల చదివితిమి. ఆమె చిత్రముల అచ్చులను కొన్ని తెచ్చి వెనుక బల్లమీద పరచియున్నాము. భోజన విరామమున చూడవచ్చును.

మరియ సిబిల్ల మేరియన్ 1647 ఏప్రిల్ 2న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో పుట్టినది. తండ్రి మత్తయి మేరియన్ పేరుపొందిన చెక్కడపు చిత్రకారుడు, పుస్తక ప్రచురణకర్త. బైబిలు సంగతులకు ఆయన చెక్కిన బొమ్మలు ఐరోపా ఖండములో ఎన్నో ఇండ్లకు ఎక్కినవి. అయితే ఆమెకు మూడేండ్లప్పుడే ఆయన చనిపోయెను. తల్లి పూలచిత్రములు వ్రాయు యాకోబు మారెల్ అను ఆయనను మరల వివాహమాడినది. ఆ మారుతండ్రియే పిల్లకు కుంచె పట్టనేర్పెను. మారుతండ్రి అనగానే మనకు కథలలోని క్రూరుడు తోచును గాని ఈయన అట్టివాడు కాడు.

1660లో, పదమూడవ ఏట, ఆమె పట్టుపురుగులను పెంచ మొదలుపెట్టినది. పట్టుపురుగునుండి ఇతర గొంగళులమీదికి మనస్సు పోయినది. ఏ పురుగు ఏ ఆకు తినును, ఎన్నిసార్లు చర్మము విడుచును, ఎన్ని దినములు గూటిలో ఉండును, తుదకు ఏమి వెడలివచ్చును అని పెట్టెలలో పెట్టి, ప్రతిదినము ఆకు మార్చి, చూచి, బొమ్మ వ్రాసి, ప్రక్కన తేది వేసికొన్నది. ఆడువారికి ఇది సులభమైన కాలము కాదు. తైలవర్ణ చిత్రములు వ్రాసి అమ్ముకొను హక్కు ఆ దేశపు పెక్కు పట్టణములలో పురుషుల సంఘములదే. ఆడువారికి మిగిలినది నీటిరంగులు. ఆమె నీటిరంగులతోనే దూడతోలు పొరమీద వ్రాసినది.

ఆ కాలమున పురుగులను గూర్చి లోకాభిప్రాయము ఏమనగా, అవి బురదలోనుండియు కుళ్లినవాటిలోనుండియు వాటంతట అవే పుట్టును. పామరులే గాక పండితులును ఇట్లే అనిరి. 1668లో ఇటలీ దేశపు వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడి మాంసపు పాత్రలకు గుడ్డ కట్టి, ఈగ వ్రాలకుండ చేసినచో పురుగు పుట్టదని చూపెను. అప్పటికి మన మేరియన్ పురుగులను పెంచుచు ఎనిమిదేండ్లాయెను. పురుగును సాతాను సంబంధమైన దానిగా చూచినవారును లేకపోలేదు. మనమును దానిని పెద్దగా గౌరవించినవారము కాము. యోవేలు గ్రంథములో గొంగళి పురుగు, మిడుత, పసరుపురుగు, చీడపురుగు వరుసగా వచ్చును. పంట పెట్టుకొన్నవారికి అది బొమ్మల పుస్తకము కాదు. ఆ భయమును మేము ఎగతాళి చేయుట లేదు.

1665లో ఆమె గ్రాఫ్ అను చిత్రకారుని వివాహమాడినది. 1670లో నూరెంబర్గునకు కాపురము మారినది. ఇద్దరు కుమార్తెలు. పెద్ద ఇండ్ల కన్యకలకు చిత్రలేఖనము, బుటా పని నేర్పి ఇల్లు గడుపుటకు తోడ్పడినది. 1679లో, చిన్నకుమార్తె చంటిబిడ్డయై యుండగా, గొంగళి పురుగుల వింత మార్పులనుగూర్చిన పుస్తకము వెలువరించినది. దానిలో 50 చిత్రములు. 1683లో రెండవ భాగము, మరి 50. ప్రతి చిత్రములో ఒక మొక్క, ఆ మొక్కమీదనే పురుగు, గూడు, రెక్కల ప్రాణి. ఒక బ్రదుకు అంతయు ఒక్క పుటలో. అంతకుముందు పండితులు పెక్కుమంది పురుగును ఒకచోటను, సీతాకోకచిలుకను మరియొకచోటను, మేకు కొట్టినట్లు వేరువేరుగా వ్రాయుచుండిరి. అది తిను ఆకుతోకూడ చూపిన ఖ్యాతి ఈమెది. మొదటి చిత్రము ఏమనుకొన్నారు? పట్టుపురుగు, మల్బరీ ఆకు. పుస్తకపు తొలిపలుకులో ఆమె, ఇందులో తన ఘనతను వెదకవద్దనియు, ఇంత అల్పమైన పురుగులను సైతము చేసిన దేవుని మహిమపరచవలెననియు కోరుకొన్నది.

ఇక్కడ ఒక మాట. ఈ ప్రసంగము చదువుచున్న మేము పట్టుచీరె కట్టుకొనియే వచ్చితిమి. మీలో చాలమంది అట్లే వచ్చిరి, శతవార్షికోత్సవము గదా. హిందూపురము ప్రాంతమున పట్టుపురుగులు పెంచు ఇండ్లను ఎరిగిన సహోదరి ఒకరు మాలో ఉన్నారు. ఆమె చెప్పినది: పురుగు నాలుగుసార్లు నిద్రపోయి లేచి చర్మము విడుచును. తినునప్పుడు తట్టల దగ్గర నిలువబడితే వాన చినుకులు పడుచున్నట్లు చప్పుడు వినబడును. పిమ్మట ఒకే దారముతో గూడు అల్లుకొనును. అది రెక్కలతో గూడు చీల్చుకొని రానిచ్చితిమా, దారము తెగిపోవును. అందుచేత ముందే గూటిని వేడికి పెట్టుదురు. మన బోర్డుమీద మూడవ బొమ్మ వరకు పోగలిగిన పట్టుపురుగులు విత్తనమునకు ఉంచినవి మాత్రమే. మేము చీరెలు మానుమని చెప్పుట లేదు. మేమే మానలేదు. తెలిసి కట్టుకొనుచున్నాము, అంతే.

ఇక విశ్వాసపు సంగతి. 1685, 86 ప్రాంతమున ఆమె ముసలి తల్లిని, ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని హాలెండు దేశపు ఉత్తర భాగమున వీవెర్ట్ అను గ్రామమునకు పోయి, లాబాడీ అనుచరుల సంఘములో చేరినది. వారు ఒక కోటలో కూడి నివసించుచు, ఆస్తులు సమష్టిగా ఉంచుకొని, లోకపు డంబమును విసర్జించి ఉండెడివారు. ఆమె అన్న అంతకుముందే అక్కడ ఉండెను. భర్త వెంబడి వచ్చి బ్రతిమాలెను. ఆమె తిరిగి పోలేదు. పిమ్మట ఆ వివాహము తెగిపోయెను.

దీనిమీద మా కూటములో పెద్ద వాదము జరిగినది. భర్తను విడిచిన స్త్రీని శతవార్షికోత్సవ వేదికమీద ఎట్లు పొగడుదుము అని పెద్దలు ఒకరు అడిగిరి. ఆ కాపురములో ఏమి జరిగెనో ఆమె వ్రాసిపెట్టలేదు; మేము కల్పించి చెప్పము. ఒక్క సంగతి మాత్రము గమనించితిమి. ఆ కోటలో ఉన్న కాలములో ఆమె ఒక్క పుస్తకమును అచ్చు వేయలేదు. చిత్రకళ ఆ సంఘమువారి దృష్టికి లోకసంబంధమైన గర్వముగా కనబడియుండవచ్చును. అయినను ఆమె చూచుట మానలేదు. అక్కడి గుంటలలో కప్ప గ్రుడ్లు తోకకప్పలై, తోకకప్పలు కప్పలగుట కనిపెట్టి వ్రాసికొన్నది. ప్రార్థనకు పోయినది, కప్పలను చూచినది. 1690లో తల్లి అక్కడనే చనిపోయినది. మరుసటి సంవత్సరము కుమార్తెలతో ఆమ్‌స్టర్‌డాము చేరినది.

ఆ పట్టణమున ధనవంతుల ఇండ్లలో తూర్పు పడమర దీవులనుండి తెచ్చిన సీతాకోకచిలుకలు అద్దపు పెట్టెలలో ఉండెను. అందరును మెచ్చుకొనిరి. ఆమెకు తృప్తి కలుగలేదు. ఇవి ఏ పురుగునుండి వచ్చినవి, ఆ పురుగు ఏ ఆకు తిన్నది? చచ్చినవాటిని అడిగిన ఏమి చెప్పును? 1699లో, 52 ఏండ్ల వయస్సున, మరణశాసనము వ్రాసిపెట్టి, తన చిత్రములు అమ్మి దారిఖర్చు కూర్చుకొని, చిన్నకుమార్తె దొరొతెయను మాత్రము తోడుకొని, దక్షిణ అమెరికాలోని సురినాము అను డచ్చివారి వలస రాజ్యమునకు ఓడ ఎక్కినది. ఏ దొరయు పంపలేదు, ఏ భర్తయు వెంట లేడు. మనలో 52 ఏండ్లు వచ్చినవారము ప్రక్క జిల్లా మహాసభకు పోవుటకే మోకాళ్లు చూచుకొందుము.

అక్కడ దొరలకు చెరకు తప్ప మరియొకటి కనబడలేదు. చెరకు కానిదానిని వెదకుచున్నందుకు వారు తన్ను ఎగతాళి చేసిరని ఆమె వ్రాసినది. ఎండకు తాళలేక, జ్వరముతో, రెండేండ్లు నిండకయే 1701లో తిరిగి వచ్చినది. ఆ పనియంతయు 1705లో 60 చిత్రములతో పెద్ద గ్రంథముగా వెలువడినది. వెనుక బల్లమీద చూడుడి, మీకు అన్నియు చుట్టములే: అనాస, జామ, బొప్పాయి, జీడిమామిడి, కర్రపెండలము. ఇవన్నియు అమెరికా ఖండములనుండియే మన పెరళ్లకు వచ్చినవి. మొదటి పుటలో అనాసపండు కిరీటము పెట్టుకొన్న రాజువలె ఉండగా, దాని చుట్టును బొద్దింకలు. ఆమె బొద్దింకకు సైతము జామకాయకు ఇచ్చినంత శ్రద్ధ ఇచ్చినది.

ఒక పుటయొద్ద మేము చాలసేపు ఆగిపోతిమి. ఎరుపు పసుపు కలిసిన పూవు. మన దేవాలయముల ఆవరణలలో ఎక్కడ చూచినను ఉండు రత్నగంధి చెట్టు. దాని ప్రక్కన ఆమె వ్రాసినది పురుగును గూర్చి మాత్రమే కాదు. డచ్చివారి క్రింద బానిసలైన ఆ దేశపు స్త్రీలును, ఆఫ్రికానుండి తేబడిన స్త్రీలును, తమ బిడ్డలు బానిసలుగా పుట్టకూడదని ఈ చెట్టు గింజలతో గర్భము పోగొట్టుకొనుచుండిరనియు, వారే తనతో ఈ సంగతి చెప్పిరనియు వ్రాసినది. బాధ భరింపలేక ప్రాణము తీసికొన్నవారును కలరని చెప్పినది. ఇవి ఒక పూలపుస్తకములో వ్రాసిన మాటలు. ఆ కాలమున ఇట్లు వ్రాసి అచ్చు వేసినవారు ఎందరుందురు?

అయినను ఆమెను పరిశుద్ధురాలిగా నిలువబెట్టుటకు మేము ఇక్కడికి రాలేదు. అడవిలో ఆమెకు దారి నరికినవారు బానిసలే. తన బానిసలని ఆమెయే వ్రాసినది. భక్తిగల లాబాడీ సంఘమువారును ఆ దేశమున ఒక తోట పెట్టిరి. అక్కడను పని చేసినది బానిసలే. పురుగు కాలికి గల వెండ్రుకను చూడగల కన్ను మనుష్యుని సంకెలను చూచినది, వ్రాసినది, అక్కడ ఆగినది. ఆ చెట్టుక్రింద స్త్రీలు తమ దుఃఖము చెప్పుకొన్నది ఈమెతోనే అను మాటయు నిజమే. మేము రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచితిమి. కలిపి ఒకటి చేయుట మాకు చేతకాలేదు. రత్నగంధి పూలు బలిపీఠముమీద పెట్టునప్పుడెల్ల ఇప్పుడు ఇది జ్ఞాపకము వచ్చుచున్నది.

ఆమె చేసిన తప్పులును ఉన్నవి. రెండు వేరు పురుగుల శరీరములు కలిపి వ్రాసిన పుట ఒకటి కలదు. జామచెట్టుమీద పెద్ద సాలెపురుగు చిన్న పిట్టను తినుచున్నట్లు వ్రాసినందుకు మాత్రము లోకము ఆమెను అబద్ధికురాలనెను. పందొమ్మిదవ శతాబ్దమున వెస్టిండీసు దీవిలో గురువుగానుండిన గిల్డింగ్ అను ఆయన, సురినాము ముఖము చూడకయే, ఆమె పుస్తకమును తీవ్రముగా నిందించెను. పిట్టలను పట్టు సాలెపురుగులు నిజముగా కలవని 1863లో బేట్స్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు అమెజాన్ నదీ ప్రాంతములో తన కన్నులతో చూచినది చూచినట్లు వ్రాసెను. ఆమె చనిపోయి అప్పటికి నూట నలువది ఆరేండ్లు.

1715లో పక్షవాతము వచ్చి, 1717 జనవరి 13న ఆమె ఆమ్‌స్టర్‌డాములో మరణించినది. రష్యా చక్రవర్తి పీటరు కొరకు ఆమె చిత్రములు చాల కొనబడినవి. మరికొన్ని ఇంగ్లండు రాజుల విండ్సరు కోటకు చేరినవి. 1990ల మొదట జర్మనీ తన 500 మార్కుల నోటుమీద ఆమె ముఖము వేసెను. 2002లో యూరో నాణెములు వచ్చి ఆ నోటు పోయెను.

ఇదంతయు చదివిన తరువాత మేము ఊరకుండలేకపోతిమి. హార్లిక్స్ సీసాలు కడిగి, మూతికి పలుచని గుడ్డ కట్టి, అయ్యగారి ఇంటి కరివేపాకు చెట్టునుండియు నిమ్మచెట్టునుండియు పురుగులు తెచ్చి పెట్టితిమి. చిన్నప్పుడు పిట్ట రెట్టవలె ఉండును, అందుచేత పిట్ట దానిని ముట్టదు. పెరిగినప్పుడు పచ్చనగును. పుల్లతో తాకితిమా, తలవెనుకనుండి నారింజరంగు కొమ్ము వెడలి ఘాటైన వాసన కొట్టును. ఆకు ప్రతిదినము మార్చవలెను. ఒకనాడు తిండి మానివేసి, పుల్లకు అంటుకొని, నడుము చుట్టును ఒక్క దారము కట్టుకొని, కదలక నిలిచినది. సండే స్కూలు పిల్లలు అయిదు సీసాలకు పేర్లు పెట్టిరి. మూడింటిలోనుండి పది పన్నెండు దినములకు సీతాకోకచిలుకలు వచ్చినవి. తడిసిన రెక్కలు చాచి ఆరబెట్టుకొనుచుండగా పిల్లలు ఊపిరి బిగబట్టి చూచిరి. కిటికీ తీసితిమి. ఒక సీసాలోనిది నల్లబడి చచ్చినది.

అయిదవ సీసా మా రెండవ తరగతి పిల్లది. అప్పటికి మూడవ తరగతి. దాని గూటికి ఒక ఉదయమున సూదిమొనంత రంధ్రము కనబడినది. అందులోనుండి చీమలంతలేసి రెక్కల పురుగులు, కందిరీగ జాతివి, పదులకొలది వెడలివచ్చినవి. సీతాకోకచిలుక లేదు. పిల్ల ఏడ్చినది. మాకును నోట మాట రాలేదు. పునరుత్థానమునకు సాదృశ్యమని మేము చెప్పినది లోపల తినివేయబడి పెంకు మాత్రము మిగిలినది.

అప్పుడు మేరియన్ పుస్తకపు అచ్చులు మరల తిరుగవేసితిమి. ఆమె సీసాలలోనో పెట్టెలలోనో ఇట్లే జరిగినది. సీతాకోకచిలుకకు ఎదురుచూడగా గూటిలోనుండి ఈగలు వచ్చిన సందర్భములు ఆమె చూచినది. ఏలనో ఆమెకు అర్థము కాలేదు. మరియొక పురుగు వచ్చి గొంగళిలో గ్రుడ్లు పెట్టునని ఇప్పుడు మనకు తెలియును, ఆమెకు తెలియదు. అర్థము కానిదానిని ఆమె చింపివేయవచ్చును. దేవుని మహిమపరచుటకు పూనుకొన్న పుస్తకములో ఇది ఎందుకు అని దాచవచ్చును. ఆమె ఆ ఈగలనుకూడ, గొంగళి ప్రక్కనే, రెక్కల నరములు కనబడునంత శ్రద్ధగా వ్రాసినది. ఆ పుటను పిల్లకు చూపితిమి. పిల్ల చాలసేపు చూచి, "ఈ అమ్మగారు కూడా ఏడ్చిందా?" అని అడిగినది. తెలియదమ్మా అంటిమి. ఈసారి తెలియదని చెప్పితిమి.

ఫ్లానెల్ బోర్డు పాఠము మానలేదు. ప్రభువు సమాధినుండి లేచెనని మేము నమ్ముట సీతాకోకచిలుక సాక్ష్యముమీద కాదు గనుక, దానిమీద మోయరాని బరువు పెట్టుట మాత్రము మానితిమి.

చివరకు మునగచెట్ల సంగతి. ఈ సంవత్సరము వానలకు మరల పురుగు పట్టినది. సంఘ కమిటీలో వాదము వచ్చినది. కాయలు అమ్మిన డబ్బు దీపపు నూనెకు వచ్చునని కోశాధికారిగారు అనిరి. ఆయన మాట అబద్ధము కాదు. దేవాలయపు గోడ ప్రక్కనున్న చెట్టుకు, పిల్లలు ఆడుకొనుచోటు గనుక, ఎప్పటివలె దివిటీ పెట్టిరి. బావి ప్రక్క చెట్టును మాకు విడిచిరి. అది ఆకు పోయి మోడువలె నిలిచినది, ఈ ఏడు దానికి కాయ లేదు. చేతులకు గుడ్డ చుట్టుకొని పట్టుకారుతో పన్నెండు పురుగులు తీసి, మన్ను పోసిన డబ్బాలో పెట్టితిమి. వారము తిరుగకయే అవి మంటిలోనికి దిగి తమ బొచ్చుతోనే గూళ్లు కట్టుకొన్నవి. డబ్బా వస్త్రముల గది కిటికీలో ఉన్నది. పైన అతికించిన కాగితముమీద తేది వేసినది ఆ పిల్లయే. ఇప్పటికి ఇరువదియొక్క దినములైనవి. ఇంకను ఏదియు బయటికి రాలేదు.